యుద్ధంలో దిగకుండా మిత్రుడికి సాయం: 1939–41లో అమెరికా ముందున్న దారుల్లో ఏది మేలు?

తటస్థంగా ఉంటామని ప్రకటించిన దేశం యుద్ధంలో ఉన్న మిత్రుడికి సాయపడాలనుకుంటే దారులు మరీ ఎక్కువ ఉండవు. సరుకు అమ్మవచ్చు. ఏదో ఒకటి పుచ్చుకుని మార్పిడి చేయవచ్చు. అరువుగా ఇవ్వవచ్చు. సరుకు మోసే ఓడలకు కాపలా కాయవచ్చు. శత్రువుకు అందే సరుకును ఆపేయవచ్చు. వీటన్నింటినీ ఒకే దేశం, ఒకే అధ్యక్షుడి హయాంలో, రెండేళ్ల పైచిలుకు కాలంలో ప్రయత్నించి చూసింది. 1939 సెప్టెంబరు నుంచి 1941 డిసెంబరు దాకా రూజ్‌వెల్ట్ నడిపిన అమెరికా అది. పోల్చి చూసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ చర్యలను తేదీల వరుసలో ఇస్తారు. ఒకదాని వెనుక ఒకటి రాక తప్పదన్నట్టు కనిపిస్తాయి. నిజానికి ప్రతిసారీ వేరే దారి కూడా తెరిచే ఉంది, దాన్ని వదిలి దీన్ని ఎంచుకున్నారు. ఎంపికగా చూస్తేనే ఒక్కోదాని ఖరీదు తెలుస్తుంది. నేను ప్రతి దారినీ మూడు ప్రశ్నలతో తూకం వేస్తాను. డబ్బు ఎవరిది? ఓడ ఎవరిది? సంతకం ఎవరిది? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. తటస్థత నిలిచేదీ పోయేదీ రెండో ప్రశ్న దగ్గరే అన్నది నా అభిప్రాయం.

ముందు చట్టం మాట. 1907 నాటి పదమూడో హేగ్ ఒప్పందంలోని ఆరో అధికరణం ప్రకారం తటస్థ ప్రభుత్వం యుద్ధం చేస్తున్న దేశానికి యుద్ధనౌకలుగానీ మందుగుండుగానీ ఇవ్వకూడదు, నేరుగానూ ఇవ్వకూడదు, చుట్టు తిప్పీ ఇవ్వకూడదు. అయితే ఆ దేశంలోని ప్రైవేటు వ్యాపారులు అమ్ముకుంటే ఆపాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదని ఏడో అధికరణం చెబుతుంది. ప్రభుత్వం ఇస్తే తప్పు, కంపెనీ అమ్మితే ఒప్పు. ఇక్కడ చెప్పబోయే ఎత్తుల్లో సగం ఈ సందులోంచి దూరినవే.

ఎవరికీ ఏమీ ఇవ్వకపోవడం

ఇదీ ఒక ఎంపికే, అమెరికా మొదట ఎంచుకున్నదీ ఇదే. 1935 ఆగస్టులో వచ్చిన తటస్థతా చట్టం యుద్ధం చేస్తున్న దేశాలన్నింటికీ ఆయుధాల ఎగుమతిని నిషేధించింది. మరుసటి ఏడాది అప్పులు కూడా బంద్ చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దేశాన్ని లాగింది ఆయుధ వ్యాపారులు, బ్యాంకులే అన్న కోపం అప్పట్లో బలంగా ఉండేది. సెనేటర్ జెరాల్డ్ నై కమిటీ విచారణలు దానికి ఆజ్యం పోశాయి.

ఇందులో ఉన్న చిక్కు స్పెయిన్‌లో బయటపడింది. 1937 జనవరిలో అమెరికా అక్కడి అంతర్యుద్ధానికీ నిషేధం వర్తింపజేసింది. తిరుగుబాటు సేనాని ఫ్రాంకోకు జర్మనీ, ఇటలీ ఆయుధాలు దండిగా పంపుతున్నాయి. ఎన్నికైన ప్రభుత్వం మాత్రం డబ్బు పెట్టినా అమెరికాలో తుపాకీ కొనుక్కోలేకపోయింది. ఇద్దరికీ సమానంగా తలుపు మూస్తే నష్టపోయేది వేరే తలుపు లేనివాడే. అదే ఏడాది చైనా మీద జపాన్ విరుచుకుపడినప్పుడు రూజ్‌వెల్ట్ ఇంకోలా చేశాడు. రెండు దేశాలూ అధికారికంగా యుద్ధం ప్రకటించలేదన్న సాకుతో చట్టాన్ని అసలు అమల్లో పెట్టలేదు. దాంతో చైనాకు కొనుగోలు దారి మిగిలింది. జపాన్‌కూ మిగిలిందనుకోండి, ఆ సంగతి చమురు దగ్గర చెబుతాను.

మిత్రుడెవరో నిజంగా తేల్చుకోలేని దేశానికి తప్ప ఈ దారి పనికిరాదు.

డబ్బిచ్చి మీ ఓడలో తీసుకెళ్లండి

యూరప్‌లో యుద్ధం మొదలైన రెండు నెలలకు, 1939 నవంబరు 4న, చట్టం మారింది. ఆయుధాలు కావాలంటే కొనుక్కోవచ్చు. కాకపోతే రొక్కం చెల్లించాలి, తమ ఓడల్లోనే మోసుకెళ్లాలి. అమెరికా ఓడలు యుద్ధ ప్రాంతాల్లోకి వెళ్లకూడదు. చట్టంలో ఏ దేశం పేరూ లేదు, కాగితం మీద జర్మనీ కూడా వచ్చి కొనుక్కోవచ్చు. అట్లాంటిక్ మీద పట్టు బ్రిటిష్ నౌకాదళానిది కాబట్టి ఆచరణలో వచ్చి తీసుకెళ్లగలిగింది బ్రిటన్, ఫ్రాన్స్‌లే. పాము చావకుండా కర్ర విరగకుండా రాసిన చట్టం అంటే ఇదే.

నార్త్ డకోటా రాష్ట్రంలో కెనడా సరిహద్దున పెంబినా అని ఒక చిన్న ఊరుంది. బ్రిటన్ కోసం కొన్న విమానాలను 1940లో అమెరికా పైలట్లు అక్కడిదాకా ఎగరేసుకొచ్చి సరిహద్దుకు ఇవతల దించేవారు. యుద్ధంలో ఉన్న కెనడాలోకి అమెరికన్ పైలట్ విమానం నడుపుకుంటూ వెళితే చట్టం ఒప్పుకోదు. అందుకని విమానానికి తాళ్లు కట్టి గుర్రాలతో గీత దాటించేవారు. అవతల కెనడా పైలట్ ఎక్కి ఎగరేసుకుపోయేవాడు. తూర్పున మెయిన్ రాష్ట్రంలోని హూల్టన్‌లోనూ ఇదే తంతు. కొత్త బాంబర్ విమానాన్ని గుర్రాలు లాగడం నవ్వులాటగా ఉంటుంది గానీ నాకు అది గౌరవించదగ్గ నవ్వులాటగానే కనిపిస్తుంది. ఆ గీత దగ్గర ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి సరుకు మారిందో చూసినవాళ్లందరికీ తెలుసు.

ఈ పద్ధతికి అంతగా గుర్తింపు రాని లాభం ఇంకొకటుంది. రొక్కం పెట్టి కొనేవాడు వస్తే ఫ్యాక్టరీలు లేస్తాయి. మస్టాంగ్ యుద్ధవిమానం పుట్టింది 1940లో బ్రిటిష్ కొనుగోలు కమిషన్ ఇచ్చిన ఆర్డరు మీదే. ఆ ఏడాది చివర్లో బ్రిటన్ 60 సరుకు ఓడలకు ఆర్డరిస్తే కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లోనూ మెయిన్‌లోనూ కొత్త ఓడల యార్డులు వెలిశాయి. తర్వాత లిబర్టీ ఓడలనే యుద్ధకాలపు సరుకు ఓడలను గుట్టలుగా దించినవి అలాంటి యార్డులే. అమెరికా ఆయుధ పరిశ్రమ కండ పట్టింది చాలావరకు మిత్రుడి డబ్బుతో.

సమస్య ఒక్కటే, డబ్బు అయిపోతుంది.

ప్రభుత్వం దగ్గరున్న పాత సరుకు సంగతి వేరు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం చేతులూపుకుంటూ తిరిగొచ్చాక దానికి తుపాకులు ఉన్నపళంగా కావాల్సి వచ్చాయి. అమెరికా సైన్యం గోదాముల్లో మొదటి యుద్ధం నాటివి అయిదు లక్షల రైఫిళ్లు, 900 ఫిరంగులు ఉన్నాయి. ప్రభుత్వం నేరుగా ఇవ్వకూడదు కదా! వాటిని మిగులు సరుకుగా చూపి యు.ఎస్. స్టీల్ సంస్థ ఎగుమతి కంపెనీకి అమ్మారు. ఆ కంపెనీ వెంటనే అదే ధరకు బ్రిటన్‌కు అమ్మేసింది. మన భాషలో బినామీ వ్యవహారం. అత్యవసరంలో ఒక్కసారి పనికొస్తుంది, అలవాటు చేసుకుంటే ప్రభుత్వం మాటకు విలువ పోతుంది.

ఓడలిచ్చి స్థావరాలు తీసుకోవడం

1940 మే 15న, ప్రధాని పదవి చేపట్టిన అయిదు రోజులకే, చర్చిల్ పాత డిస్ట్రాయర్లు (చిన్న, వేగమైన యుద్ధనౌకలు) 40, 50 కావాలని రూజ్‌వెల్ట్‌ను అడిగాడు. జూన్ చివర్లో అమెరికా కాంగ్రెస్ ఒక అడ్డుకట్ట వేసింది. దేశరక్షణకు అక్కర్లేదని నౌకాదళ ప్రధానాధికారి ధ్రువీకరిస్తే తప్ప యుద్ధ సామగ్రిని వదులుకోకూడదు. అక్కర్లేదని చెప్పడం కష్టం. మరి ఇచ్చిన దానికంటే ఎక్కువ విలువైనది చేతికొస్తే? అప్పుడు మొత్తం మీద దేశరక్షణ పెరిగినట్టే కదా అన్నది వాదన. అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ దానికి న్యాయ సమర్థన రాసిచ్చాడు.

సెప్టెంబరు 2న ఒప్పందం కుదిరింది. 50 డిస్ట్రాయర్లకు బదులు బహామాస్, జమైకా, సెయింట్ లూసియా, ట్రినిడాడ్, ఆంటిగ్వా, బ్రిటిష్ గయానాల్లో 99 ఏళ్ల లీజుకు స్థావరాలు. న్యూఫౌండ్‌లాండ్, బెర్ముడాల్లోని స్థావరాలను మాత్రం కానుకగా ఇచ్చినట్టు రాశారు. చర్చిల్‌కు అంతా పరస్పర కానుకల్లా కనిపించాలి, రూజ్‌వెల్ట్‌కు చట్టం కోసం బేరంలా కనిపించాలి. ఇద్దరి మాటా నెగ్గేలా రెండుగా చీల్చారు.

సరుకుగా చూస్తే ఆ ఓడలు ముసలివి. చాలావాటికి మరమ్మతులు చేయకుండా సముద్రంలోకి పంపే వీలు లేకపోయింది, ఆ ఏడాది చివరికి పనిలోకి దిగినవి కొన్నే. వాటిలో ఒకటి, క్యాంప్‌బెల్‌టౌన్, 1942 మార్చిలో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ డ్రైడాక్ (ఓడల మరమ్మతు రేవు) గేటును గుద్ది, లోపల దాచిన పేలుడు పదార్థంతో దాన్ని పనికిరాకుండా చేసింది. రాజకీయంగా చూస్తే ఈ బేరం పెద్దది. తటస్థ ప్రభుత్వం తన యుద్ధనౌకలను తానే ఇచ్చింది కాబట్టి హేగ్ నిబంధనకు నేరుగా ఎదురు. పైగా సంతకం అధ్యక్షుడిది ఒక్కడిదే, సెనేట్ ఆమోదం అడగలేదు. ఎన్నికలకు రెండు నెలలుంది. ప్రత్యర్థి వెండెల్ విల్కీ సాయాన్ని సమర్థించాడు, చేసిన తీరును తప్పుబట్టాడు. నేను విల్కీ పక్షమే.

మార్పిడి ఎప్పుడు మంచిదంటే, మిత్రుడి దగ్గర డబ్బు లేకున్నా మీకు నిజంగా కావాల్సిన స్థలమో రేవో ఉన్నప్పుడు. ఒకసారే చేయగల బేరమిది. ఇవ్వడానికి మళ్లీ మళ్లీ దీవులు ఎక్కడినుంచి వస్తాయి?

అరువు

1940 డిసెంబరు నాటికి బ్రిటన్ ఖజానా అడుగంటింది. చర్చిల్ రాసిన సుదీర్ఘమైన ఉత్తరం కరీబియన్‌లో టస్కలూసా నౌక మీద విహారంలో ఉన్న రూజ్‌వెల్ట్‌కు సముద్ర విమానంలో చేరింది. తిరిగొచ్చిన రూజ్‌వెల్ట్ డిసెంబరు 17న విలేకరులకు తోట గొట్టం కథ చెప్పాడు. పక్కింటికి నిప్పంటుకుంటే గొట్టం ఇస్తాం గానీ, ముందు దాని ధర కట్టమని అడుగుతామా? మంటలారాక గొట్టం తిరిగిస్తే చాలు. చక్కని కథే, కానీ నిజం కాదు. పేలిన గుండును ఎవరూ తిరిగివ్వలేరు. సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ దీన్ని నమిలిన చూయింగ్ గమ్‌తో పోల్చి, అది తిరిగిచ్చినా మనకెందుకని వెక్కిరించాడు.

ఈ ఆలోచనతో వచ్చిన లెండ్-లీజ్ (అరువు, లీజు) బిల్లు మీద రెండు నెలలు బహిరంగంగా చర్చ జరిగింది. ప్రతినిధుల సభలో 260–165, సెనేట్‌లో 60–31 ఓట్లతో నెగ్గింది. 1941 మార్చి 11న సంతకమైంది, ఆ నెలాఖరులోనే 700 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఏ దేశ రక్షణ అమెరికా రక్షణకు కీలకమని అధ్యక్షుడు భావిస్తే ఆ దేశానికి అమ్మవచ్చు, మార్చవచ్చు, అరువివ్వవచ్చు, లీజుకివ్వవచ్చు. అంత అధికారం ఇస్తూనే కాంగ్రెస్ కళ్లేలు కూడా బిగించింది. 90 రోజులకోసారి నివేదిక ఇవ్వాలి. చట్టానికి గడువుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అమెరికా యుద్ధనౌకలు కాన్వాయ్‌లకు, అంటే గుంపుగా సాగే సరుకు ఓడలకు, కాపలా వెళ్లడానికి ఈ చట్టం అనుమతి ఇచ్చినట్టు భావించరాదని ఒక వాక్యం చేర్చింది. ఇవ్వండి గానీ మోయకండి అన్నమాట. ఓడ ఎవరిదన్న ప్రశ్న ఎంత పెద్దదో ఆ సభ్యులకు బాగా తెలుసు.

అరువు పుచ్చుకున్నవాడికి మాట కూడా పడాల్సి వచ్చింది. నిజంగానే చేతిలో పైసా లేదని బ్రిటన్ నిరూపించుకోవాలి. 1941 జనవరిలో అమెరికా క్రూయిజర్ లూయివిల్ దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్‌కు వెళ్లి దాదాపు 14.8 కోట్ల డాలర్ల విలువైన బ్రిటిష్ బంగారం ఎక్కించుకొచ్చింది. మార్చిలో బ్రిటిష్ వస్త్ర సంస్థ కోర్టాల్డ్స్‌కు అమెరికాలో ఉన్న విస్కోస్ సంస్థను హడావుడిగా అమ్మేయించారు. అసలు విలువకంటే బాగా తక్కువకు పోయిందని బ్రిటన్‌లో చాలామంది నొచ్చుకున్నారు. సాయం పొందే దేశంలో పుట్టే ఈ నొప్పిని సాయం చేసేవారు లెక్కలో వేసుకోరు. వేసుకోవాలి.

ఇంకో సంగతి గమనించాలి. లెండ్-లీజ్ వేగం తక్కువ. 1941లో బ్రిటన్‌కు చేరిన అమెరికన్ ఆయుధాల్లో ఎక్కువ భాగం పాత రొక్కం ఒప్పందాలవే. అరువు ముందుగా కనిపించింది వంటింట్లో, గుడ్ల పొడి రూపంలో, డబ్బా మాంసం రూపంలో. యుద్ధం ముగిసేసరికి మొత్తం లెక్క 5,000 కోట్ల డాలర్లకు చేరింది. అందులో బ్రిటిష్ సామ్రాజ్యానికి 3,140 కోట్లు, సోవియట్ యూనియన్‌కు 1,130 కోట్లు. మన దేశానికీ ఈ ఖాతాలో ఒక పద్దుంది. యుద్ధం చివరి దశలో నాణేల కోసం అమెరికా నుంచి 22.6 కోట్ల ఔన్సుల వెండి అరువుకొచ్చింది. ఔన్సుకు ఔన్సు తిరిగివ్వాలన్నది షరతు. దేశ విభజన తర్వాత భారత్, పాకిస్తాన్ పంచుకుని 1957లో బాకీ తీర్చాయి. తోట గొట్టం కథ నిజమైన అరుదైన సందర్భం అదే కావచ్చు.

ఓడలకు కాపలా

సరుకు ఇవ్వడం ఒక ఎత్తు, అది సముద్రంలో మునగకుండా చూడడం మరో ఎత్తు. ఇచ్చింది మునుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. అందుకే అరువు దారి దానంతటదే కాపలా దారిలో కలుస్తుంది. 1941 ఏప్రిల్‌లో అమెరికా తన గస్తీ హద్దును అట్లాంటిక్ నడిమధ్యకు జరిపింది. అదే నెలలో గ్రీన్‌లాండ్‌లో స్థావరాల ఒప్పందం, జులై 7న ఐస్‌లాండ్‌లో అమెరికా మెరీన్ సైనికులు దిగడం.

సెప్టెంబరు 4న గ్రీర్ అనే అమెరికా డిస్ట్రాయర్ ఐస్‌లాండ్‌కు టపా మోసుకెళ్తోంది. దారిలో జర్మన్ జలాంతర్గామి ఉందని బ్రిటిష్ విమానం హెచ్చరించింది. గ్రీర్ దాని వెంటపడి గంటల తరబడి దాని జాడను ప్రసారం చేస్తూ పోయింది. బ్రిటిష్ విమానం బాంబులు వేసి వెళ్లిపోయింది. తనను కొట్టింది ఎవరో తెలియని జలాంతర్గామి గ్రీర్ మీదికి టార్పెడో వదిలింది, అది తగల్లేదు. వారం తర్వాత రూజ్‌వెల్ట్ రేడియోలో జలాంతర్గామే ముందుగా దాడి చేసిందన్నాడు. వెంటాడిన సంగతి చెప్పలేదు. ఆ సముద్రాల్లో కనిపించిన జర్మన్ నౌకలను కాల్చడానికి ఉత్తర్వులిచ్చాడు. అక్టోబరు 17న కెర్నీ అనే మరో డిస్ట్రాయర్ మీద టార్పెడో పడి 11 మంది చనిపోయారు. 31న రూబెన్ జేమ్స్ అనే ఇంకో డిస్ట్రాయర్ మునిగింది, వందమంది దాకా పోయారు. యుద్ధం ప్రకటించకుండానే అమెరికా నావికులు చావడం మొదలైంది.

ఇంత జరిగినా హిట్లర్ తన నౌకాదళాన్ని పట్టి ఉంచాడు, రష్యా పని ముగిసేదాకా అమెరికాతో పేచీ వద్దని. ఈ దారిలో తటస్థత మీ చేతిలో ఉండదు, శత్రువు ఓపిక మీద ఆధారపడుతుంది. మిత్రుడు బతకాలంటే ఇది తప్పదని తేలితే ఎంచుకోవచ్చు, రూజ్‌వెల్ట్ లెక్క తప్పని నేననను. ప్రజలకు గ్రీర్ కథను సగం మింగి చెప్పడాన్ని మాత్రం సమర్థించలేను. నవంబరులో తటస్థతా చట్టంలో మిగిలిన కట్లు విప్పే బిల్లు ప్రతినిధుల సభలో 212–194తో గట్టెక్కింది. ప్రజాప్రతినిధులు అంత సందేహంలో ఉన్నారు, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడికి మూడు నాలుగు వారాలే ఉంది.

మనుషులను పంపే దారి గురించి ఒక్క మాట. సైన్యానికి రాజీనామా చేయించి, ప్రైవేటు కంపెనీ జీతం మీద అమెరికా పైలట్లను చైనా కోసం మాజీ వైమానిక అధికారి షెనాల్ట్ నాయకత్వంలో పంపారు. వారు బర్మాలో శిక్షణ ముగించి తొలిసారి పోరాడింది 1941 డిసెంబరు 20న. అప్పటికి అమెరికాయే యుద్ధంలో ఉంది, కాబట్టి ఆ పద్ధతి తటస్థతను ఎంత కాపాడేదో పరీక్షకు రాలేదు.

శత్రువు నూనె ఆపడం

జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికాది. 1940లో తుక్కు ఇనుము ఆపారు, 1941 జులై 26న జపాన్ ఆస్తులను స్తంభింపజేశారు, ఆగస్టు మొదటికి చమురు నిలిచిపోయింది. పైకి ఇది అన్నిటికంటే శాంతియుతంగా కనిపిస్తుంది. ఓడ కదలదు, తుపాకీ మారదు, సైనికుడు వెళ్లడు. ఫలితం మాత్రం అన్నిటికంటే వేగంగా వచ్చింది. నిల్వలు తరిగిపోతున్న జపాన్‌కు మిగిలినవి చైనాలో వెనక్కి తగ్గడం, లేదంటే డచ్ దీవుల (నేటి ఇండోనేషియా) చమురును బలవంతంగా లాక్కోవడం. నాలుగు నెలల్లో పెర్ల్ హార్బర్. అట్లాంటిక్‌లో నావికులు చచ్చినా రాని యుద్ధం, ఒక్క తూటా పేల్చని పసిఫిక్ వైపు నుంచి వచ్చింది. డిసెంబరు 11న హిట్లరే అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు.

శత్రువు తట్టుకుని నిలవగల సరుకు ఆపితే అది ఒత్తిడి. అది లేకపోతే వాడి సైన్యమే కదలదనుకునే సరుకు ఆపితే గడువు పెట్టినట్టు. గడువు పెట్టేముందు మీ రేవులు సిద్ధంగా ఉండాలి.

అయితే ఏది ఎంచుకోవాలి?

మిత్రుడి దగ్గర డబ్బు, ఓడలు రెండూ ఉంటే అమ్మకమే మేలు, వేరే ఆలోచనే వద్దు. ఓడలున్నాయి, డబ్బు లేదంటే అరువు, అదీ చట్టసభలో చర్చించి, కళ్లేలతో సహా. డబ్బుంది, ఓడలు లేవంటే ఓడలే అమ్మండి లేదా కట్టించి ఇవ్వండి, మీ జెండా ఎగరేసి మాత్రం వెళ్లకండి. రెండూ లేవంటే మీరు ఆలోచించాల్సింది సాయం గురించి కాదు, యుద్ధంలో దిగాలా వద్దా అని. ఆ మాటను నేరుగా సభ ముందు పెట్టండి. మార్పిడి, బినామీ అమ్మకం లాంటివి వారాల్లో తేలాల్సిన అత్యవసరాలకు దాచుకోవాలి. మొత్తంలో ఒక్కటే ఎంచుకోమంటే నేను లెండ్-లీజ్ చట్టాన్నే ఎంచుకుంటాను. గొట్టం కథ ముచ్చటగా ఉందని కాదు, దాని మీద ఓటేసినవాళ్ల పేర్లు, కాదన్నవాళ్ల పేర్లు రికార్డులో ఉన్నాయని.

ఎంచుకున్నాక ఒప్పందంలో ఆపే పద్ధతి కూడా రాసుకోవాలి, ఇది ఎక్కువమంది మరిచేది. జపాన్ లొంగిపోగానే 1945 ఆగస్టులో రూజ్‌వెల్ట్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ లెండ్-లీజ్‌ను ఠక్కున ఆపేశాడు. బ్రిటన్ నోట మాట రాలేదు. దారిలో ఉన్న సరుకు, అప్పటికే చేరిన సరుకు డాలరుకు పది సెంట్ల లెక్కన తేల్చి, దానికి 375 కోట్ల డాలర్ల కొత్త అప్పు కలిపి, రెండు శాతం వడ్డీకి ఏళ్ల తరబడి కట్టే వాయిదాలుగా రాశారు. బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్‌లో నెలల తరబడి బేరమాడి తెచ్చింది అదే. చివరి వాయిదాను బ్రిటన్ 2006 డిసెంబరులో కట్టింది.